2210కీ 2215కీ నడుమ

డాక్టరుగారి ఫొటోకి దండ వేసి, దీపం వెలిగించి, నన్ను మైకు ముందు నిలబెట్టారు. ఆయనే ఉంటే ఈ మూడింటిలో ఒక్కటీ సాగనిచ్చేవారు కాదు. దండ డబ్బులతో ఎవరికైనా మందులు కొనమనేవారు. పట్టపగలు దీపమేమిటనేవారు. నన్ను ఇక్కడ చూస్తే "లెక్కలవాడికి మాటలెందుకురా" అనేవారు. ఆయన వైద్యం చేసిన చుట్టుపక్కల ఊళ్లలో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లని నేను చూడలేదు, అందరికీ డాక్టరుగారే. ఇవాళ నేనూ ఆ అలవాటు తప్పను.

నేను వైద్యుణ్ణి కాను, ఆర్థికశాస్త్రం చదివినవాణ్ణీ కాను. ట్రెజరీలో జూనియర్ అకౌంటెంటుగా చేరి, బిల్లులు పాస్ చేస్తూ చేస్తూ రిటైరైనవాణ్ణి. నిర్వాహకులు "పర్యావరణ క్షీణత, డిజిటల్ సాంకేతికత, జాతీయ ఆరోగ్య వ్యయం" అని అంశం రాసిచ్చేసరికి గుండె గుభేలుమంది. సరే, ఒప్పుకున్నాక తప్పదు కదా అని నాలుగు పరిశోధన పత్రాలు తిరగేశాను. దేశాల పేర్లు ఒక వరసలో, కార్బన్ ఉద్గారాలు ఇంకో వరసలో, ఇంటర్నెట్ కనెక్షన్లు మరో వరసలో, తలసరి ఆరోగ్య ఖర్చు చివరి వరసలో పెట్టి, ఏది పెరిగితే ఏది ఎంత పెరుగుతుందో తేల్చే పని అది. ఆ పని చేసేవాళ్లంటే నాకు చిన్నచూపు లేదు. కాకపోతే బిల్లుల మధ్య బతికినవాడికి ఒక దురలవాటు అబ్బుతుంది. మొత్తం ఎంత అని ఎవరైనా చెప్పబోతే, ఏ పద్దు కింద అని అడ్డం పడతాడు.

ప్రభుత్వం ఖర్చుపెట్టే ప్రతి రూపాయికీ నాలుగంకెల మేజర్ హెడ్ ఒకటుంటుంది. వైద్యం, ప్రజారోగ్యం 2210. మంచినీళ్లు, పారిశుద్ధ్యం 2215. పింఛన్ల వంటి సామాజిక భద్రత 2235. అడవులు కాక మిగతా పర్యావరణం 3435. ఇచ్ఛాపురం నుంచి ఆదిలాబాద్ దాకా ఏ ట్రెజరీలో అడిగినా ఇవే అంకెలు చెబుతారు. ఒక శాఖ గ్రాంటు లోంచి ఇంకో శాఖ గ్రాంటు లోకి రూపాయి దూకాలంటే శాసనసభ ఒప్పుకోవాలి. రోగానికి ఆ బాధ లేదు. 2215లో పుడుతుంది, 2210లో తేలుతుంది. మన ఆరోగ్య ఖర్చు గురించి మాట్లాడేటప్పుడు తేలిన చోటునే చూస్తాం, పుట్టిన చోటు వేరే ఆఫీసు, వేరే అంతస్తు. నేను చెప్పదలుచుకున్నది ఇంతే. ఇక నాకు తెలిసిన ఉదాహరణలు చెబుతాను.

డాక్టరుగారి దగ్గర ఎర్రగుడ్డ అట్టల పుస్తకాలుండేవి, కిరాణా వర్తకుల చిట్టా పుస్తకాల లాంటివి. పేజీకి ఆరు గడులు. పేరు, ఊరు, వయసు, బాధ, మందు. ఈ ఐదూ స్కేలు పెట్టి గీసినవి. ఆరోది ఆయన చేత్తో గీసుకున్నది, కొంచెం వంకర. దాని నెత్తిన "నీళ్లు" అని ఉండేది. కింద ఒక్కో మాట: నుయ్యి, చెరువు, బోరు. జ్వరమని వచ్చినా, నడుం పట్టేసిందని వచ్చినా, తేలు కుట్టిందని వచ్చినా నాడి చూస్తూ "ఏ నీళ్లు తాగుతున్నావు?" అని అడిగేవారు. తేలు కుట్టినవాడికి నీళ్లతో ఏం పని అని నేనొకసారి నవ్వితే, "వాడు మళ్లీ వస్తాడు కదరా, అప్పుడు పనికొస్తుంది" అన్నారు.

ఆయన పోయాక వాళ్లమ్మాయి ఆ పుస్తకాలు నా చేతిలో పెట్టింది. మందుల గడి నాకు అర్థం కాదు, ఆరో గడి అయింది. పాత పుస్తకాల్లో పేజీల కొద్దీ నుయ్యి, నుయ్యి, నుయ్యి. కొన్నాళ్లకి అక్కడక్కడ బోరు. తర్వాత అన్నీ బోర్లే. చివరి పుస్తకాల్లో కొత్త మాట వస్తుంది: డబ్బా. అదే, ఇరవై లీటర్ల ప్లాస్టిక్ డబ్బా. నూతి నుంచి బోరుకీ, బోరు నుంచి డబ్బాకీ ఒక ప్రాంతం నడిచిన నడక మొత్తం ఆ వంకర గడిలో ఉంది. ఇంటాయన ఆ డబ్బా ఖర్చుని ఉప్పూ పప్పూ సరసన రాసుకుంటాడు. రోగం రాకుండా పెట్టిన ఖర్చే అయినా జాతీయ ఆరోగ్య లెక్కల్లో దానికి చోటు లేదు.

ఇక ఆయన ప్రాంతానికి, ఉద్దానానికి వద్దాం. ఉద్యానం అన్న మాటే ఉద్దానం అయిందంటారు. శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు కొస: కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క మహేంద్రగిరి, మధ్యలో కొబ్బరి, జీడి, పనస. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ చెట్లని కూకటివేళ్లతో పెకలించి పడేసింది. అయినా ఇప్పుడు వెళ్లినా కంటికి చల్లగానే ఉంటుంది. ఆ చల్లటి తోటల్లో పెద్దవాళ్లలో ఐదారుగురికి ఒకరి చొప్పున కిడ్నీ జబ్బు ఉందని సర్వేలు తేల్చాయి. షుగరు, బీపీ లేనివాళ్లకి కూడా. ఎందుకొస్తోందన్నదాని మీద డాక్టర్ టి. రవిరాజు వంటి నిపుణులు ఏళ్ల తరబడి పనిచేశారు. నీళ్లలో సిలికా అన్నారు, భార లోహాలన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో చెమటోడ్చి చాలినన్ని నీళ్లు తాగకపోవడమన్నారు, నొప్పి బిళ్లలన్నారు, వంశంలోనే ఉందన్నారు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతులకీ, నికరాగువా, ఎల్ సాల్వడార్‌లలో చెరకు నరికే కూలీలకీ ఇలాంటి జబ్బే ఉంది. ఇదమిత్థంగా ఒక్క కారణం ఇంకా ఎక్కడా తేలలేదు. అందుకని ఉద్దానాన్ని చూపించి "కాలుష్యమే చంపింది" అని నేను బల్ల గుద్దను. ఆ నేల, ఆ నీళ్లు, ఆ ఎండ, ఆ పని, వీటిలోనే ఎక్కడో ఉందన్నంత వరకే నా మాట.

అక్కడి డయాలసిస్ గదిలో నేనొక పూటంతా కూర్చున్నాను. తెల్లవారుజామున లేచి ఆటో పట్టుకుని వచ్చిన మనిషిని ముందు కాటా ఎక్కిస్తారు. క్రితం సారి వెళ్లినప్పటి కంటే ఎన్ని కిలోలు పెరిగాడో చూస్తారు. ఆ పెరిగింది కండ కాదు, బయటికి పోలేక ఒంట్లో నిలిచిపోయిన నీరు. ఎడమ చెయ్యి మీద రక్తనాళం తాడులా ఉబ్బి ఉంటుంది, ఫిస్టులా అంటారు. దాని మీద వేలు పెడితే లోపల తుమ్మెద ఝుమ్మన్నట్టు అదురు తెలుస్తుంది. అక్కడ రెండు సూదులు. ఒకదాంట్లోంచి రక్తం యంత్రంలోకి వెళ్తుంది, ఇంకోదాంట్లోంచి తిరిగి వస్తుంది. నాలుగు గంటలు. పక్క మంచం మీది పెద్దాయన నాతో మాట కలిపారు. కొబ్బరితోట ఉందట. "కొబ్బరినీళ్లు తాగి రెండేళ్లయిపోనాది బాబూ" అన్నారు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, పనిచెయ్యని కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు, గుండె ఆగిపోతుంది. మామూలు నీళ్లు కూడా ఆయన చిన్న గ్లాసుతో కొలుచుకుని తాగాలి. ఆ గ్లాసు ఆయన సంచీలోనే ఉంది, స్టీలుది, అంచు సొట్టబోయింది.

ఆయన మంచం పక్కనున్న యంత్రానికి ఆ కొలత లేదు. నిమిషానికి అర లీటరు చొప్పున నాలుగు గంటల్లో 120 లీటర్ల శుద్ధమైన నీళ్లు దానికి కావాలి. ఆ నీళ్లని తయారుచేసే ఆర్వో ప్లాంటు అవతల గదిలో గుర్రుమంటూ ఉంటుంది, అది పారబోసే నీళ్లు వేరే. వారానికి మూడు సార్లు ఎక్కిస్తే ఏడాదికి 156 సార్లు, 18,720 లీటర్లు. జల్ జీవన్ మిషన్ పల్లెలో మనిషికి రోజుకి 55 లీటర్లివ్వాలని పెట్టుకుంది, అంటే ఏడాదికి 20,075. తాగడానికీ వండుకోవడానికీ స్నానానికీ ఏడాది పొడుగునా ఇవ్వాలనుకున్న నీళ్లకీ, కిడ్నీలు పోయాక యంత్రానికి పోసే నీళ్లకీ పెద్ద తేడా లేదన్నమాట. మొదటివి 2215లో ఉన్నాయి, రెండోవి 2210లో. లెక్కలవాణ్ణి కనక నాకది ఆ గదిలోనే కనిపించింది. ఆ పెద్దాయనకి చెప్పాలనిపించలేదు.

ఉద్దానానికి ప్రభుత్వాలు ఏమీ చెయ్యలేదంటే అన్యాయం. వంశధార మీది హిరమండలం రిజర్వాయరు నుంచి పైపులు వేసి 807 ఊళ్లకి నీళ్లిచ్చే సుజలధార పథకం 700 కోట్ల రూపాయలతో కట్టారు. దాన్నీ, పలాసలో 200 పడకల ఆసుపత్రినీ, కిడ్నీ పరిశోధన కేంద్రాన్నీ 2023 డిసెంబరు 14న ఒకే రోజు ప్రారంభించారు. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకి నెలకి 10,000 రూపాయల పింఛను ఉంది. పద్దుల వారీగా చూడండి: ఆసుపత్రి 2210 వైపు, పైపులు నీళ్ల వైపు, పింఛను 2235. ఒకే జబ్బు, మూడు శాఖలు. జాతీయ ఆరోగ్య లెక్కల్లోకి వచ్చేది మొదటిదే. రేపెప్పుడో హిరమండలం నీళ్ల వల్ల డయాలసిస్ మంచాలు ఖాళీ అయితే, ఆరోగ్యం మీద ఖర్చు తగ్గిందని లెక్క వస్తుంది. అప్పుడు ఎవరో ఒకరు లేచి ప్రభుత్వం ఆరోగ్యాన్ని నిర్లక్ష్యం చేసిందని పేపరుకి రాస్తారు, చూస్తూ ఉండండి.

2017 నాటి జాతీయ ఆరోగ్య విధానం, ప్రభుత్వాల ఆరోగ్య వ్యయాన్ని 2025 కల్లా జీడీపీలో 2.5 శాతానికి తేవాలంది. 2021–22లో అది 1.84 శాతం. పెరగాలి, అందులో నాకు రెండో మాట లేదు. అదే కాలంలో జనం సొంత జేబులోంచి పెట్టే వాటా మొత్తం ఆరోగ్య ఖర్చులో 2013–14 నాటి 64.2 శాతం నుంచి 39.4 శాతానికి తగ్గింది, అదీ మంచిదే. కానీ ఆ రోజు గదిలో పెద్దాయన పక్కన స్టూలు మీద కూర్చుని కునుకుపాట్లు పడుతున్న కొడుకు ఆ పూట కూలి పోగొట్టుకున్నాడు. ఆ కూలి 64లోనూ లేదు, 39లోనూ లేదు.

ఇంతకంటే వింత నల్లగొండది. మర్రిగూడ, మునుగోడు వైపు నీళ్లలో ఫ్లోరైడు సంగతి తెలుగువాళ్లలో తెలియనివాళ్లుండరు. ఫ్లోరైడు లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. దాటిన నీళ్లే తాగి పెరిగిన పిల్లలకి పళ్లు గారపట్టి, ఎముకలు వంకర్లు తిరిగి, నడుములు విల్లులా వంగిపోయాయి. ఆ నీళ్లని పటికతో, సున్నంతో శుభ్రం చేసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ కనిపెట్టింది. ప్రపంచమంతా దాన్ని నల్లగొండ పద్ధతి అనే పిలుస్తారు. జిల్లాకి దక్కిన కీర్తి అది. వంగిన ఎముకని తిరిగి నిటారుగా చేసే మందు లేదు. మందు లేదు కాబట్టి ప్యాకేజీ లేదు, క్లెయిము లేదు, బిల్లు లేదు. తరాల తరబడి మనుషుల్ని వంచేసిన జబ్బు 2210లో దాదాపు అడుగే పెట్టలేదు. వికలాంగుల పింఛనుగా 2235లోకి వెళ్లింది, 2016లో మొదలైన మిషన్ భగీరథగా నీళ్ల పద్దులోకి వెళ్లింది. పర్యావరణం పాడైతే ఆరోగ్య ఖర్చు పెరుగుతుందని పత్రాలు రాసేవాళ్లకి నేను చూపించాలనుకునేది నల్లగొండనే. అంత పాడైనా ఖర్చు పెరగలేదు. వైద్యం లేని రోగానికి ఖర్చెక్కడిది?

గాలి సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే దాని మీద మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు. లాన్సెట్ పత్రికల్లో 2020లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, 2019లో మన దేశంలో వాయు కాలుష్యం వల్ల 16.7 లక్షల మంది చనిపోయారు. ఆ చావుల వల్లా జబ్బుల వల్లా పోయిన ఉత్పత్తి విలువ జీడీపీలో 1.36 శాతం. 2019–20లో కేంద్రమూ రాష్ట్రాలూ కలిసి ఆరోగ్యానికి పెట్టిన ఖర్చు 1.35 శాతం. ఒకటి పోయిన సంపాదన, ఇంకోటి పెట్టిన ఖర్చు, ఒకదాంట్లోంచి ఇంకోటి తీసెయ్యడానికి వీల్లేదని నాకూ తెలుసు. అయినా మా ఇళ్లలో, సంపాదించిందంతా ఏమైందంటే "గాలికి పోయింది" అంటారు. ఆ మాటకి ఇంత కచ్చితమైన లెక్క దొరుకుతుందని నేననుకోలేదు.

పటాన్‌చెరు గురించి మాత్రం నిదానంగా మాట్లాడాలి. హైదరాబాదు శివార్లలోని ఆ ఊరి చుట్టూ మందుల ముడిసరుకు తయారుచేసే కంపెనీల వ్యర్థజలాలు ఒక శుద్ధి కేంద్రానికి చేరేవి. అక్కణ్ణుంచి బయటికొచ్చే నీళ్లని స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన జోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించింది. లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదాని కంటే ఎక్కువ. అంటే, శుద్ధి చేశామని వదిలిన నీళ్లలోని సూక్ష్మజీవులు కోర్సు మీద కోర్సు యాంటీబయాటిక్ వాడుతున్నట్టే. వాటిలో చావగా మిగిలినవి ఆ మందుని లెక్కచెయ్యవు. ఎక్కడో ఆసుపత్రిలో ఎవరికో ఇన్‌ఫెక్షన్ వస్తుంది, కొద్ది రూపాయల బిళ్ల పనిచెయ్యదు, రోజుకి వేల రూపాయల ఇంజెక్షన్ ఎక్కిస్తారు, ఐసీయూలో ఇంకో వారం ఉంచుతారు. బిల్లులో "మందులు" అని ఒక లైను ఉంటుంది. ఆ నీళ్లు చేరిన నక్కవాగు పేరు ఉండదు. హైదరాబాదులో చవగ్గా తయారైన ముడిసరుకు వల్ల అమెరికాలో, ఐరోపాలో మందుల ఖర్చు తగ్గిందని మనవాళ్లు గర్వంగా చెప్పుకుంటారు, చెప్పుకోవాలి కూడా. ఆ తగ్గింపులో కొంత వాగుల మీద రాసిన ఖాతా అని కూడా ఒక ముక్క అంటే బాగుంటుంది.

డిజిటల్ సంగతికి వచ్చాను. చాలామంది దీన్ని విడిగా మాట్లాడతారు, కాలుష్యం ఖర్చు పెంచుతుంది, కంప్యూటరు తగ్గిస్తుంది అన్నట్టు. నా అనుభవంలో కంప్యూటరు పెంచుతుంది కూడా. 2019లో మొదలైన ఈ-సంజీవనిలో ఊళ్లోనే కూర్చుని పట్నం డాక్టరుతో మాట్లాడొచ్చు, ఆంధ్రప్రదేశ్ దాన్ని మొదటి నుంచీ బాగా వాడుకుంది. దాంతో బస్సు చార్జీ, ఒక పూట కూలి మిగులుతాయి. కానీ డాక్టరు తెర మీద చూసి "కిడ్నీకి క్రియాటినిన్ పరీక్ష చేయించు" అన్నాడనుకోండి, ఇన్నాళ్లూ తెలియని జబ్బు బయటపడుతుంది, ఖర్చు మొదలవుతుంది. మిగిలిన కూలి ఏ లెక్కలోకీ రాదు, పెరిగిన పరీక్ష ఖర్చు వస్తుంది. కాగితం మీద చూస్తే టెక్నాలజీ ఖర్చు పెంచింది. జబ్బు ముందే దొరికినందుకు మనిషి ఇంకో పదేళ్లు తోటలో తిరిగితే, ఆ పదేళ్లు ఎక్కడ రాయాలి?

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మూడు జిల్లాల్లో మొదలైంది: మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం. అంతకు ముందు ముఖ్యమంత్రి సహాయ నిధికి అర్జీలు పెట్టుకుని, ఎమ్మెల్యే లెటర్ల కోసం జనం పడిగాపులు కాసేవాళ్లు. ఆరోగ్యశ్రీ మొదటి రోజు నుంచీ కంప్యూటరు మీదే నడిచింది. ఆసుపత్రి నుంచి అనుమతి కోరడం, ట్రస్టు డాక్టర్లు చూడడం, ఫొటోలు పెట్టడం, డబ్బు చేరడం, అన్నీ. ప్రతి కేసు వెనకా తెల్ల రేషన్ కార్డు, దాని మీద ఊరు, మండలం. అంటే ఏ ఊళ్లో ఏ అవయవం పాడవుతోందో ఆ లెక్కల్లో ఉంది. అడిగితే చెబుతుంది.

నేనోసారి అడిగాను. ఏ ఆఫీసన్నది ఇప్పుడు అనవసరం. అక్కడ తెర మీద బిల్లులు ఆసుపత్రి వారీగా, ఆపరేషన్ వారీగా, ఎన్ని రోజులుగా పెండింగ్ అన్న వారీగా కనిపించేవి. "ఊరి వారీగా వస్తుందా?" అని కంప్యూటరు కుర్రాణ్ణి అడిగితే, "ఎవరూ అడగలేదు సార్" అని, టిఫిను డబ్బా పక్కన పెట్టి అరగంటలో తీసిచ్చాడు. మ్యాపు మీద చుక్కలు. అన్ని చోట్లా పలచగా ఉన్నవి రెండు మూడు చోట్ల చీమలు పట్టినట్టు ముసిరి ఉన్నాయి. ప్రింటు తీసుకుని పైఅధికారికి చూపించాను. ఆయన మంచివాడే. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. "బాగుంది. కానీ ఇది మన సబ్జెక్టు కాదు కదా?" అన్నారు. నీళ్లవాళ్లకి పంపుదామన్నాను. వాళ్ల నుంచి మనకి రిఫరెన్సు ఏమీ రాలేదు కదా అన్నారు. రూల్సు ప్రకారం ఆయన మాటే కరెక్టు. ఆ కాగితం ఫైల్లో అడుగున చేరింది. తప్పెవరిదంటే నాది కూడా. నేనూ ఇంకోసారి అడగలేదు. నెలాఖరు బిల్లులున్నాయి.

మన కంప్యూటర్లు బిల్లు చెల్లించడం చాలా బాగా నేర్చుకున్నాయి. దొంగ బిల్లు పట్టుకోవడం నేర్చుకున్నాయి. 2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతటా మొదలయ్యాక మనిషికి పద్నాలుగంకెల ఆభా నంబరు వచ్చింది, ఎక్స్‌రేలూ రిపోర్టులూ మనిషి వెంట నడుస్తాయి. ఆ నంబరు వెంట మనిషి తాగిన నీళ్లు, పీల్చిన గాలి నడవవు. కాలుష్య నియంత్రణ మండలి మీటర్లు ఒక సర్వర్లో, నీళ్ల పరీక్షలు ఇంకో సర్వర్లో, ఆసుపత్రి క్లెయిములు మూడో సర్వర్లో. పాత రోజుల్లో మూడు బీరువాలు, ఇప్పుడు మూడు పాస్‌వర్డులు.

ఇవి కలిస్తే ఏమవుతుందో జపాన్‌లో చూడొచ్చు. యొక్కయిచి పట్టణంలో పెట్రోకెమికల్ కంపెనీల పొగకి ఉబ్బసం వచ్చినవాళ్లు కోర్టుకెక్కి 1972లో గెలిచారు. మరుసటేడే అక్కడి పార్లమెంటు ఒక చట్టం చేసింది. గాలి బాగా పాడైన ప్రాంతాల్లో ఉబ్బసం, బ్రాంకైటిస్ వచ్చినవాళ్ల వైద్యం ఖర్చుకీ పరిహారానికీ ఒక నిధి. అందులో 80 శాతం దేశంలో గంధకం పొగ వదిలే ఫ్యాక్టరీల నుంచి, వదిలినదాన్ని బట్టి వసూలు. మిగిలిన 20 శాతం వాహనాల పన్ను నుంచి. ఏ పొగ ఎవరి ఊపిరితిత్తుల్లోకి వెళ్లిందో ఒక్కొక్క రోగీ నిరూపించుకోనక్కర్లేదు. 1988లో కొత్త రోగుల్ని చేర్చుకోవడం ఆపేశారు, దాని మీద వాదాలున్నాయి. పొగబిల్లు పొగవాడి ఇంటికే వెళ్లడం మాత్రం జరిగింది.

మనకి ఆ సూత్రం లేదా అంటే ఉంది. కాలుష్యం చేసినవాడే కట్టాలని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లీకై పన్నెండు మంది చనిపోతే, మర్నాడే జాతీయ హరిత ట్రిబ్యునల్ కంపెనీని 50 కోట్లు డిపాజిట్ చెయ్యమంది. అంటే ఒక్క రాత్రిలో చంపితే పద్దు తెరుచుకుంటుంది. ముప్పయ్యేళ్లు మెల్లమెల్లగా చంపితే ఏ రాత్రిని పట్టుకుని అడగాలో తెలియదు. ఆ మెల్లగా జరిగేదాన్ని పట్టుకోగలిగింది కంప్యూటరొక్కటే, ఊరి వారీ చుక్కలతో.

కంప్యూటరు కూడా ఎక్కడో ఉండాలి కదా. అదే విశాఖపట్నంలో గూగుల్ 1,500 కోట్ల డాలర్లతో ఒక గిగావాట్ డేటా సెంటరు పెడుతుందని 2025 అక్టోబరులో ప్రకటించారు. ఊరు బాగుపడుతుందని సంతోషించేవాళ్లలో నేనూ ఉన్నాను, మా మేనల్లుడు అక్కడే ఉద్యోగం చూసుకుంటున్నాడు. దానికి ఎంత కరెంటు, ఎన్ని నీళ్లు, ఆ కరెంటుకి ఎంత బొగ్గు అన్నది నెలనెలా బోర్డు మీద రాసి పెడితే ఇంకా సంతోషిస్తాను. ప్రపంచంలో 2022లో 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగైతే, పద్ధతిగా సేకరించి శుద్ధి చేసినట్టు లెక్కకెక్కింది 22.3 శాతమే. మిగిలినదాంట్లో కొంత మన ఊళ్లలోనే పాత ఇనుప సామాను కొట్టు వెనక వైర్లు కాల్చి రాగి తీసే కుర్రాళ్ల చేతుల్లోంచి పోతుంది. వాళ్ల దగ్గు ఒకరోజు 2210లో తేలుతుంది. ఇవాళ మన చేతిలో ఉన్న ఈ ఫోన్లు పారేశాక.

పోయిన సంక్రాంతికి అటు వెళ్లినప్పుడు డాక్టరుగారి పాత క్లినిక్కు ముందు ఆగాను. ఇప్పుడక్కడ ఫ్యాన్సీ షాపు. ఎదురుగా వీధి అరుగు మీద ఏఎన్ఎం అమ్మాయి ట్యాబు ఒళ్లో పెట్టుకుని ఒక ముసలమ్మ వివరాలు ఎక్కిస్తోంది. పేరు, ఆభా నంబరు, వయసు, బీపీ, షుగరు. సిగ్నలు లేక చక్రం తిరుగుతోంది. ఊరుకోలేక, "ఏ నీళ్లు తాగుతారో అడిగారా అమ్మా?" అన్నాను. ఆ అమ్మాయి నా వైపు చూసింది. యాప్‌లో పైకీ కిందికీ వేలితో జరిపింది. "ఆ గడి లేదండీ" అంది. కాసేపాగి ముసలమ్మ వైపు తిరిగి, "మామ్మా, నీళ్లెక్కడివి?" అని అడిగింది. ముసలమ్మ చేత్తో ఇంటి వెనక్కి చూపించింది. ఆ అమ్మాయి అట్టడుగున రిమార్కులని ఉన్నచోట ఇంగ్లీషు అక్షరాల్లో "బోరు" అని కొట్టి, సేవ్ నొక్కి, సిగ్నలు కోసం ట్యాబుని పైకెత్తి పట్టుకుంది.